జమ్మలమడుగులో కట్టిన ముడి

పులివెందులలో బండి ఎక్కేటప్పుడే నా భార్యకు ఒక మాట చెప్పాలనుకున్నాను. పోవద్దు అని. ఆ మాట చెప్పడానికి నాకు జమ్మలమడుగు దాకా వ్యవధి ఉంది. అక్కడ వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఆమె జబ్బకు జామీను కడతారు. కట్టిన తర్వాత ఇక ఎవరూ పోవద్దనకూడదు, వెనక్కి పిలవకూడదు. కట్టకముందు మాత్రం అనవచ్చు. ఆ ఘడియలో మొగుడు అడ్డుపడితే ఆగిపోయిన ప్రయాణాలు మా చుట్టాల్లో ఉన్నాయి.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు నుంచి ఏజెంటు వ్యాను మద్రాసు విమానాశ్రయానికి పోతుంది. అక్కడినుంచి కువైట్. ఒక ఇంట్లో వంటపని, ఇంటిపని. రెండేళ్ళు.

జామీను గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఒక రూపాయి బిళ్ళను ఆకుపచ్చ గుడ్డ పేలికలో పెట్టి కుట్టి, దూరప్రయాణం పోయేవాళ్ళ కుడి జబ్బకు కడతారు. ఇమాం జామీను అని దాని పూర్తి పేరు. జామీను అంటే పూచీ. కోర్టు వార్తల్లో చదివే మాటే. కాకపోతే ఇక్కడ పూచీ పడేది మనిషి కాదు. క్షేమంగా చేరినవాళ్ళు తమ చేత్తోనే ముడి విప్పి, ఆ రూపాయిని ఎవరైనా బీదవాళ్ళకు ఇచ్చేయాలి. తెంపకూడదు, కత్తెర పెట్టకూడదు. విప్పి ఇచ్చేస్తేనే ప్రయాణం ముగిసినట్టు లెక్క. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. మా అవ్వ చెప్పింది.

మేము దూదేకులవాళ్ళం. పేర్లు ముసల్మాను పేర్లు, ఇంట్లో మాట తెలుగు. మా తాత విల్లుతో దూది ఏకాడు. నాయన కొన్నాళ్ళు విల్లుతో ఏకి, తర్వాత మిషను పెట్టాడు. ఆ మిషను, దాంతోపాటు దాని దుమ్మూ నాకు వచ్చాయి. పెళ్ళిళ్ళ కాలంలో మా అంగడి ముందు పరుపులు ఎండలో ఆరేసి ఉండేవి. పరుపులో దూది ఒకమూలకు జారిపోకుండా అక్కడక్కడా దబ్బనం దింపి, పురికొస లాగి, బిగించి ఒక ముడి వేస్తాం. ఆ ముడి గుంజేకొద్దీ బిగుస్తుంది. ఎప్పుడైనా తప్పుచోట పడితే విప్పడానికి ఇద్దరం కావాలి. నా భార్య రెండు చేతులతో దూదిని అణిచిపెట్టి పట్టుకుంటే, నేను దబ్బనం మొనతో పురికొసను మెల్లగా తోడేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. ఆ అంగడిలో ఎప్పుడూ మేమిద్దరమే.

బడి నాకు ఏడో తరగతితో సరి. ఆ తర్వాత తెలుసుకున్నదంతా శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం అంగడి మూసి, తల మీది దూది పీచు బయటే దులుపుకొని లోపలికి పోయేవాణ్ణి. మిగతావాళ్ళు ఉద్యోగ పరీక్షల పుస్తకాల కోసం వచ్చేవారు. నేను దేనికోసమూ కాకుండా చదివేవాణ్ణి. భూగోళం, నదులు, గాలులు, సముద్రం అడుగున ఏముంటుంది, ఇవన్నీ. కడప జిల్లాలో రుతుపవనాల గురించి నాకంటే బాగా చెప్పగల పరుపులవాడు ఉంటే నాకు చూపించండి.

స్పాంజి పరుపులు వచ్చి మా పని సగం పోయింది. మిగిలిన సగాన్ని నా ఊపిరి పోగొట్టింది. ఇన్నేళ్ళ దూది దుమ్ము లోపల చేరిందని, ఇక ఆ మిషను దగ్గరికి పోకూడదని డాక్టరు చెప్పాడు. మాటిమాటికీ పీల్చే మందు ఒకటి రాసిచ్చాడు. నిజానికి కువైట్‌కు మొదట బయలుదేరింది నేనే, ఒక గోడౌనులో కాపలా పనికి. ముందటి ఏడాది ఇదే చిన్నమ్మ నాకు జామీను కట్టింది. మద్రాసు పోయే బస్సులోనే అది ఊడి ఎక్కడో పడిపోయింది. తెల్లారి పరీక్షకు పోతే నా ఛాతీ ఫోటో చూసి అన్‌ఫిట్ అన్నారు. తిరిగొచ్చాను. తర్వాత ఒక రోజు దిండుకు గలేబు కుడుతూ, దారం కొరికి, తల ఎత్తకుండానే నా భార్య అంది: "అయితే నేను పోతాలే."

పోవద్దన్న మాట అప్పటినుంచీ నాలోనే ఉంది.

బస్సులో పదిమంది మధ్య చెప్పలేనని బండి తీశాను. సూట్‌కేసును వెనక పురికొసతో కట్టాను. బండి మీద గాలికి మాట వినబడదన్న సంగతి తొండూరు దాటేదాకా నాకు తట్టలేదు. మే నెల ఎండ. రోడ్డుకు రెండు పక్కలా దున్నకుండా వదిలేసిన చేలు, అరటితోటల దగ్గర మాత్రం కాస్త పచ్చదనం. గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు మొహానికి కొడుతోంది. ఆమె కొంగు తలకు, మూతికి చుట్టుకొని నా వీపుకు ఆనుకొని కూర్చుంది.

ముద్దనూరులో నన్నారి సోడా తాగడానికి ఆగాం. మాట మొదలుపెట్టాలని, మొదలుపెట్టే దారి తెలియక, నేను అడిగాను:

"ఎడారంటే ఏందనుకుంటాండావు మే?"

"ఇసక. ఒంటెలు. ఇంకేముంటాది?"

"కాదు. ఎడారంటే ఇసకా కాదు, ఎండా కాదు. వాన పడని తావు. అంతే. మంచు గడ్డకట్టుకొని ఉండే తావు గూడా ఎడారే కావొచ్చు. పుస్తకంలో ఉండాది."

ఆమె సోడా గ్లాసు చెంపకు ఆనించుకొని చల్లదనం చూసుకుంటోంది. "వాన పడని తావైతే మనదీ ఎడారే గదా మామా. మళ్ళ ఇంగో ఎడారికి అంత దూరం పోయేదెందుకు?" అని నవ్వింది.

ఇంతకంటే మంచి సందు ఎవరూ ఇవ్వరు. పోవద్దులే అని నేను అనాలి, అంతే. కానీ నా నోటినుంచి వచ్చింది వేరు. మనది ఎడారి కాదని, కొండలు మేఘాలను అడ్డుకోవడం వల్ల ఏర్పడిన వర్షచ్ఛాయ ప్రాంతమని చెప్పాను. గ్లాసు బల్లమీద పెట్టి, అదే కొండ అన్నట్టుగా, వేలితో మేఘాన్ని కూడా చూపించాను. ఆమె చివరిదాకా విన్నది. సోడా అంగడాయన కూడా విన్నాడు. "సారు టీచరా అమ్మా?" అని అడిగాడు. "పరుపులు కుడ్తాడు" అంది ఆమె, ఏదో పెద్ద ఉద్యోగం చెప్పినట్టు.

లేవబోతే దగ్గు వచ్చింది. మందు పీల్చి, గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఆమె బండి హ్యాండిలు పట్టుకొని ఎండలో నిలబడింది.

"నువ్వు తోల్లేకపోతే చెప్పు, నేను తోల్తా."

"నీకు యాడొస్తాది తోలను?"

"రాదు. ఆడికి పోయి కారే నేర్సుకుంటా. వచ్చి నిన్ను ఎక్కిచ్చుకొని తిప్పుతా. ముందర సీట్లో కూచొని నువ్వు మేఘాల కథ చెప్దువు."

ముద్దనూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా నేరుగా ప్రొద్దుటూరు పోవచ్చు. మేము జామీను కోసం జమ్మలమడుగు దారి పట్టాం. పెన్న మీద వంతెన దగ్గర ఆమె నా భుజం తట్టి ఆపమంది. కింద నది లేదు, ఇసుక ఉంది. ఆ కొననుంచి ఈ కొనదాకా తెల్లగా మండుతున్న ఇసుక. ఎక్కడో దూరంగా ఒక మడుగు, దాంట్లో నాలుగైదు ఎనుములు. ఆమె చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఈ ఊళ్ళో చిన్నమ్మ దగ్గరే గడిపింది.

"ఈడ చెలమ తీస్తాంటిమి మామా. చేత్తో ఇసక తోడితే నీళ్ళు ఊరుతాయి. ఊరేదాకా బిందె పెట్టుకొని కూచుంటాంటిమి. శానా సేపు పట్టేది."

"ఇప్పుడు తీస్తే ఊరుతాయా?"

"ఏమో. అంత లోతు తోడేది ఎవరు?"

వంతెన ఇనుపకమ్మీ పట్టుకోబోయి, చెయ్యి కాలి వెనక్కి తీసుకుంది. ఒక లారీ పోయింది, దాని వెనక ఇంకొకటి. నాపరాళ్ళ లారీలు. వాటి రొద తగ్గిన తర్వాత చెబుదామనుకున్నాను. తగ్గింది. ఆమె అప్పటికే బండి ఎక్కి కూర్చుంది.

చిన్నమ్మ ఇల్లు ఏటివైపు సందులో ఉంది. పాత నాపరాళ్ళ మిద్దె. మధ్యాహ్నానికి ఆ రాళ్ళు వేడెక్కి ఇంట్లోకి సెగ దించుతాయి. నేల మీద నీళ్ళు చల్లి ఉంచింది, మేము చెప్పులు విడిచేలోపే ఆరిపోయాయి. మూలలో కూలరు రొద పెడుతోంది కానీ దాంట్లో నీళ్ళు అయిపోయినట్టున్నాయి. మంచం మీద, చిన్నమ్మ కువైట్‌లో పనిచేసి వచ్చినప్పుడు తెచ్చిన పులిబొమ్మ రగ్గు మడతపెట్టి ఉంది. ఈ దేశంలో ఎవరూ కప్పుకోలేనంత మందం. పరుపులవాణ్ణి కాబట్టి నా చెయ్యి ఊరుకోక దాని అంచు నలిపి చూసింది. ఒక్క పీచు దూది లేదు దాంట్లో.

"రాండి రాండి. మాడి మసై వస్తాండారే. బస్సులు ల్యావా అప్పా ఈ దేశంలో?" అంది చిన్నమ్మ. ఆమె నాకు అత్త వరస.

"వచ్చేటప్పుడు ఒక్కణ్ణే గదా అత్తా. బండైతే తోడుగా ఉంటాదని."

ఆ జవాబు విని ఆమె మాట మార్చింది. "ఏం అల్లుడా, గ్రంథాలయం మొత్తం చదివేస్తివా, రవ్వంతన్నా మిగిలిందా?"

"ఇంకా ఉండాది అత్తా."

"ఉండనీలే. ఇంగ రెండేండ్లు ఒక్కడివే గదా, ఐపోగొడ్తువు. ఆనెంక పక్కూరుది మొదులుపెట్టు."

సంగటి, ఊరిబిండి, పలచటి మజ్జిగ పెట్టింది. నా భార్య ఒక ముద్ద సంగటిని చేతిలో పెట్టుకొని చాలాసేపు గుండ్రంగా చేసింది. తినలేదు. చిన్నమ్మ విసనకర్ర ఊపుతూ ఆమెకు జాగ్రత్తలు చెబుతోంది. పడుకునే గదికి గడి ఉందో లేదో మొదటిరోజే చూసుకోమంది. ఫోను ఎవరి చేతికీ ఇవ్వొద్దంది. కోపంలో వాళ్ళు ఏమన్నా అర్థం కానట్టే ఉండమంది.

"నాకు నిజంగానే అర్థం కాదు గదా చిన్నమ్మా."

"రెండు నెల్లకే అర్థమైతాది. అప్పుడు గూడా కానట్టే ఉండు. ఇంటామెను మామా అని పిల్చాల. ఆడ అట్లే పిలుస్తారు."

నా భార్య నావైపు చూసింది. "అయితే ఈయన్నేమని పిలిచేది?"

"ఫోన్లో గదా పిలిచేది. పెండ్లాం గొంతు పట్టకపోతే వాడేం మొగుడు?"

ముగ్గురం నవ్వాం. నవ్వు తగ్గాక నా భార్య అడిగింది: "ఎడారి ఎట్లుంటాది చిన్నమ్మా? వాన పడని తావే ఎడారంట, ఈయన చెప్తాండాడు."

"నాకేం తెలుసు మే? పోయేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు చీకటి. వంటింటికి ఒక కిటికీ ఉండ్య. దానికెదురుగా పక్కింటోళ్ళ గోడ. నేను ఆడ ఇసక చూసింది కసువు ఊడ్సేటప్పుడే. తలుపులన్నీ మూసినా వస్తాది. పొద్దున ఊడ్సినా వస్తాది, మాపు ఊడ్సినా వస్తాది."

ఆమె అక్కడ ఉండగానే చిన్నాయన పోయాడు. ఆయన కిడ్నీల వైద్యం కోసమే ఆమె పోయింది. రావడానికి సెలవు దొరకలేదు. మట్టి చేసేది ఫోన్లో చూసింది. ఆ ఇంట్లో కూర్చున్న ముగ్గురికీ అది తెలుసు. చిన్నమ్మ చూపు నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా ఛాతీ మీదికి వచ్చి పోతోంది.

తిన్నవి తీసేశాక చిన్నమ్మ పెట్టెలోంచి ఆకుపచ్చ పేలిక తీసింది. రూపాయి బిళ్ళను ముందే లోపల పెట్టి కుట్టింది. రెండు కొసలకూ సన్నటి తాళ్ళు వదిలింది. నా భార్య లేచి, తలమీద కొంగు సర్దుకొని, రవికె చెయ్యి పైకి మడిచి, కుడిచెయ్యి చాపింది. జబ్బ మీద చిన్నప్పటి టీకా మచ్చ ఉంది.

ఇక చెప్పాలి. ఇంతకు మించి వ్యవధి లేదు.

చిన్నమ్మ బిస్మిల్లా అని పేలికను జబ్బకు ఆనించింది. ఆనించి, ఆగిపోయింది. చేయి వెనక్కి తీసుకుంది.

"నేను కట్టను మే."

"ఎందుకు చిన్నమ్మా?"

"పోయినేడు అల్లునికి నేను కడ్తి. బస్సులోనే ఊడిపాయ. నేను పోయినాక మీ చిన్నాయన..." ఆమె ఆ వాక్యం పూర్తిచేయలేదు. "నా చెయ్యి మంచిది కాదు. అల్లుడా, నువ్వు కట్టు. మొగుడు కడితే అంతకంటే పూచీ ఏముంటాది?"

పేలిక నా చేతిలో పెట్టింది.

ఆపాలనుకున్నవాడి చేతికే పంపించే పని వచ్చింది. రూపాయి బిళ్ళ గుడ్డలోంచి వెచ్చగా తగిలింది. ఆ ఇంట్లో అన్నీ వెచ్చగానే ఉన్నాయి. నేను ఆమె ఎదురుగా నిలబడి, "మే" అన్నాను.

"ఊఁ."

తర్వాతి మాటకు బదులు దగ్గు వచ్చింది. ఆ రోజు వచ్చినంత దగ్గు అంతకుముందు రాలేదు. గోడ పట్టుకొని వంగిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఇల్లంతా మసకబారింది. అది తగ్గి నేను తల ఎత్తేసరికి ఆమె ఎడమచేత్తో నా వీపు నిమురుతోంది. కుడిచెయ్యి మాత్రం చాపినది చాపినట్టే ఉంది.

"నువ్వేమనాలనుకుంటాండావో నాకు తెలుసు మామా" అంది మెల్లగా. "పొద్దున్నించీ తెలుసు. సోడా కాడ తెలుసు, వంతెన కాడ తెలుసు. అనొద్దు. నువ్వంటే నేను నిలబడిపోతా. నేను నిలబడితే ఈ దగ్గుకు మందు యాడినుంచి వస్తాది?"

చిన్నమ్మ కూలరు దగ్గరికి పోయి, నీళ్ళు లేని దాని తొట్టిలోకి వంగి చూస్తూ నిలబడింది.

"గట్టిగా కట్టు" అంది నా భార్య. "నీది ఊడిపాయ. నాది ఊడకూడదు."

కట్టాను. నా కళ్ళు ఇంకా తేరుకోలేదు. చూసి కట్టలేదు, వేళ్ళు కట్టాయి. తాడు కొసను నాలుకతో తడిపి, రెండుచుట్లు తిప్పి, లోపలినుంచి తెచ్చి, బొటనవేలితో నొక్కిపెట్టి లాగాను. లాగాక తెలిసింది, ఏ ముడి వేశానో. పరుపుకు వేసే ముడి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నా వేళ్ళకు గట్టిగా కట్టడమంటే అదొక్కటే తెలుసు.

చిన్నమ్మ వచ్చి చూసింది. గోటితో ముడిని కదిలించబోయింది. కదల్లేదు.

"అయ్యో, ఇదేం ముడప్పా? ఇది ఇప్పను వస్తాదా? చేరినాక దాని చేత్తో అది ఇప్పుకోవాల గదా!"

"రాదు అత్తా" అన్నాను. "ఒక్క చేత్తో అసలు రాదు."

"మళ్ళ?"

"కోసి, ఇంగోటి కడదామా?"

"కోస్తావా? కోయకూడదు! కట్టినాక కత్తెర మాటే ఎత్తకూడదు." ఆమె తలమీద చెయ్యి పెట్టుకొని మంచం మీద కూలబడింది. తర్వాత ఉన్నట్టుండి ఆమెకు నవ్వు వచ్చింది. "ఏం మే, మొగుణ్ణి నమ్మి చెయ్యిస్తే పరుపు కుట్టినట్టు కుట్టిపాయ గదే నిన్ను!"

నా భార్య కూడా నవ్వింది. రవికె చెయ్యి కిందికి దించి, ముడి మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ఒత్తుకుంది. "ఉండనీలే చిన్నమ్మా. ఆడికి పోయినాక సబ్బునీళ్ళు పోస్తే వదులైతాది" అంది.

దానితో కట్టడం అయిపోయింది. ఇక ఎవరూ ఏమీ అనకూడదు. మేము సందు చివరికి వచ్చేదాకా చిన్నమ్మ గడపలోనే నిలబడింది. జాగ్రత్త అని కూడా అరవలేదు. వెనకనుంచి పిలిచినట్టవుతుందని.

ప్రొద్దుటూరు దారిలో ఆమె నా నడుము చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. రోడ్డు గతుకుల్లో ఆ రూపాయి బిళ్ళ నా వీపుకు గుచ్చుకుంటూ వచ్చింది. ఊరు చేరాక వ్యాను నిలిపిన చోటు వెతుక్కున్నాం. దాని చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు, వాళ్ళను సాగనంపడానికి వచ్చినవాళ్ళు, సూట్‌కేసులు. పక్క వీధిలో బంగారు అంగళ్ళ ముందు పెళ్ళివాళ్ళ రద్దీ. ఏజెంటు మనిషి తొందరపెట్టాడు. సూట్‌కేసుకు కట్టిన పురికొస విప్పబోతే, "ఉండనీ, అట్లే ఉండనీ" అందామె. వ్యాను కదిలింది. ఆమె అవతలివైపు కిటికీ దగ్గర కూర్చుంది. నాకు కుడిచెయ్యి మాత్రం కొంచెం కనబడింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది. పిలవకూడదు కాబట్టి పిలవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రగుంట్ల మీదుగా వచ్చాను. జమ్మలమడుగు దారి పట్టలేదు.

ఆ వేసవి పోయింది, ఇంకో వేసవి కూడా పోయింది. ఆమె శుక్రవారాలు ఫోను చేస్తుంది. మొదటి శుక్రవారం నేను అడిగిన మొదటి మాట: "ఇప్పుకుంటివా?"

"ల్యా. రాల్యా. సబ్బునీళ్ళు పోస్తి, నూనె పూస్తి, పంటితో గుంజితి. గుంజేకొద్దీ బిగుస్తాంది."

"ఎవర్నన్నా పట్టుకోమను."

"ఎవరున్నారీడ?"

"అయితే కోసెయ్ మే. ఏం కాదు. చిన్నమ్మకు నేను చెప్తాలే."

"కోయను" అంది.

ఇంటామె ఒకసారి దాన్ని చూసి, ఏదో మంత్రించిన తాయెత్తనుకొని భయపడిందట. మా ఆవిడ తనకు వచ్చిన నాలుగు మాటలతో, మిగతాది చేతులతో చెప్పి ఒప్పించిందట. ఇప్పుడు ఆకుపచ్చ రంగంతా వెలిసిపోయింది. వీడియోలో చూపించింది. గుడ్డ చిరగలేదు, ముడి సడలలేదు. పెళ్ళివారికి అమ్మే పరుపుకు ఏ నాణ్యంతో వేశానో అదే నాణ్యంతో వేశాను.

నేను గ్రంథాలయానికి పోతూనే ఉన్నాను. అక్కడ తాళ్ళకు వేసే ముడుల గురించి ఒక పుస్తకం దొరికింది. ఓడల వాళ్ళవి, జాలర్లవి, గుడారాల వాళ్ళవి ఉన్నాయి. మాది లేదు. ఇంట్లో మంచంకోడుకు పురికొసతో అదే ముడి వేసి, ఒక్క ఎడమచేత్తోనే విప్పడానికి ప్రయత్నిస్తుంటాను. దారి దొరికితే ఆమెకు చెబుదామని. కోడు చెక్క కాబట్టి లోపలికి అణగదు. పరుపైతే అణిచిపట్టే మనిషి ఉండేది.

మొన్న శుక్రవారం ఆమె మందు సంగతి అడిగింది, తెచ్చుకున్నానన్నాను. దగ్గు సంగతి అడిగింది, తగ్గిందన్నాను. ఫోన్లోనే దగ్గాను. అవతల ఎక్కడో చీపురు నేలమీద తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆమే, ఫోను చెవికి పెట్టుకొని ఊడుస్తోంది.

"ఇసకనా?" అన్నాను.

"ఊఁ" అంది. "పొద్దున్నే ఊడిస్తి మామా. మళ్ళ వచ్చింది."